ముట్టుకుంటే పలక మీద రాయాలి

గుడ్ల గది నుంచి,
బుధవారం పొద్దున

మరదలు పిల్లకు,

నువ్వు బస్సెక్కి పదకొండు రోజులైంది. ఫోన్‌లో రోజూ మాట్లాడుతున్నాం కానీ అది మాట్లాడటం కాదు. ఇంట్లో ఫోన్ మోగితే స్పీకర్ పెట్టాల్సిందేనని మీ అమ్మ చట్టం చేసింది. నువ్వు "ఎలా ఉన్నావు వదినా" అంటే నాకంటే ముందు అత్తయ్యే "నిక్షేపంగా ఉంది, నీ సంగతి చెప్పు" అంటుంది. అందుకే ఈ ఉత్తరం. ఇందులో రాసుకున్నవి ఫోన్‌లో ఎత్తకూడదు. ఒట్టు వెయ్యి.

కొత్త యంత్రంలో మొదటి విడత గుడ్లు పెట్టాం. పై అరలో మూడు వందలు, కింది అరలో మూడు వందలు. పెట్టేముందు అత్తయ్య సంతలో గేదెను చూసినట్టు దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"లోపల వేడెంతుందో ఎవరు చెప్తారే?"

"అద్దం మీద అంకె కనిపిస్తుంది అత్తయ్యా."

"అంకెకి ఎవరు చెప్తారు?"

"లోపల సెన్సర్ ఉంటుంది."

"దానికి కనురెప్ప ఉందా?"

ముప్ఫై ఏళ్లు చెక్కపెట్టె కింద లాంతరు పెట్టి పిల్లల్ని లేపిన మనిషి. గుడ్డు తీసి మూసిన కంటి మీద ఆనించి, వేడి చాలిందో లేదో చెప్పేస్తుంది. ఆవిడతో వాదించడం నావల్ల కాదు. చివరికి తీర్పు చెప్పింది. మూడు విడతలు చూస్తుందట. ఇరవై ఒకటో రోజుకి రెండు అరల్లోనూ పిల్లలు లేవాలి. లేవకపోతే యంత్రం బుట్టలు పెట్టుకునే అల్మరా అవుతుంది, పాత పెట్టె మళ్లీ వస్తుంది, నేను మానేసిన బడి ఆఫీసుకి పోయి హాజరు పట్టీలు రాసుకోవాలి. ఆ కుర్చీలో అప్పుడే ఇంకెవరినో కూర్చోబెట్టారని ఆవిడకి చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

కింది అర సెన్సర్ పాడై నిమిషానికోసారి కూసేది కదా. నువ్వేదో చేసి దాని నోరు మూయించి వెళ్లావు. మీ అన్నయ్య కొత్త సెన్సర్ తెచ్చి బిగించాడు. అరకి ఇప్పుడు నోరే లేదు. హాయిగా ఉంది.

ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటే? ఇన్నేళ్లుగా "కంప్యూటర్" అని చెప్పి తప్పించుకుంటున్నావు.

నీ వదిన


నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
మధ్యాహ్నం

వదినా,

ఒట్టు. ఇదిగో వేశాను.

నా పని చెప్తాను విను. కంప్యూటర్ అంటే ఉమ్మడి కుటుంబం ఉన్న ఇల్లనుకో. ప్రోగ్రాములన్నీ వసారాలో కూర్చుంటాయి. ఫైలు కావాలన్నా, వేడెంతో తెలియాలన్నా లోపలి గదిని అడగాలి. ఆ గదే ఇస్తుంది, ఆ గదే కాదంటుంది. దాన్ని కెర్నల్ అంటాం. ట్రేసింగ్ అంటే ఆ గది గోడకి చిన్న కన్నం పెట్టి, ఎవరు ఏమడిగారు, ఏం జవాబొచ్చింది, ఎంతసేపు పట్టింది అని చూడటం. ఇంటి పని ఆగదు. మా అమ్మ వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నట్టే, కాకపోతే చూసేవాళ్లు నోరెత్తరు.

ఆరేళ్ల కిందట నేను దీనికొక సదుపాయం చేర్చాను. కన్నంలోంచి చూడటమే కాదు, చెయ్యి పెట్టి జవాబు కూడా మార్చొచ్చు. లోపలి గది "పాడైంది" అంటే వసారాకి "బాగుంది" అని చేరుతుంది. బాగున్నదాన్ని పాడైందనీ చెప్పించొచ్చు. ఎందుకంటావా? పరీక్షకి. డిస్కు పాడైతే ప్రోగ్రాము ఏమవుతుందో చూడాలంటే డిస్కుని సుత్తితో కొట్టనక్కర్లేదు. జవాబు మారిస్తే చాలు. ఎక్కడెక్కడివాళ్లో వాడుతున్నారు వదినా! దాని మీద నా పేరుంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు మెట్లు రెండేసి ఎక్కాలనిపిస్తుంది. నీ యంత్రంలోనూ ఒక చిన్న కంప్యూటర్ ఉందిలే, కింది అర నోరు మూయించింది కూడా అదే. పది నిమిషాల పని.

ఇప్పుడొకాయన బయల్దేరాడు. ట్రేసింగ్‌లో ప్రమాదమైన సదుపాయాలన్నిటికీ తాళం వెయ్యాలట. చూడటం వరకు ఉంచి, చెయ్యి పెట్టేవన్నీ మూసెయ్యాలట. జాబితాలో మొట్టమొదటిది నాది! మెయిలింగ్ లిస్టులో ఊరంతా చదివేలా రాశాడు. అందరం తాళాలాయన అంటాం. అన్నిటికీ తాళం అంటాడు కానీ ఆయన జేబులో ఉండేది ఒకే ఒక్క తాళంచెవి. అదీ ఎక్కడో పెట్టి రోజూ గేటు కాపలా ఆయన్ని అడుగుతుంటాడు.

ఆ భాగానికి యజమానిని నేనే కాబట్టి నేను ఒప్పుకుంటేనే ఆయన రాసిన మార్పు, మేం ప్యాచ్ అంటాం, లోపలికి వెళ్తుంది. ఒప్పుకోను.

నీ మరదలు


గుడ్ల గది,
పిల్లలు లేచిన మూడో రోజు

తాళాల పిల్లా,

ఆయన జేబులో ఎన్ని తాళంచెవులున్నాయో నీకెలా తెలుసు? అది ముందు చెప్పు. మిగతా ఉత్తరం తర్వాత చదువు.

ఇరవై ఒకటో రోజు పొద్దున పై అరలో మొదటి పెంకు పగిలింది. సాయంత్రానికి రెండు వందల డెబ్భై. గది గదంతా కిచకిచ. మీ అన్నయ్య బుట్టలు మోస్తూ మోస్తూ ఒక పిల్లని చొక్కా జేబులో వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. అది జేబులోంచి తల బయటపెట్టి ఆయన కంచంలోకి తొంగి చూసింది.

కింది అర మాత్రం చప్పుడు లేదు. ఇరవై రెండో రోజూ లేదు. ఇరవై మూడో రోజు నింపాదిగా, బద్ధకంగా, నూట ఎనభై లేచాయి. కొన్నిటికి కాళ్లు నిలవలేదు.

అత్తయ్య లేవని గుడ్డొకటి కనురెప్పకి ఆనించుకుని, "నీ అంకె అబద్ధం చెప్తోందే" అంది.

"ముప్ఫై ఏడున్నర ఉంది అత్తయ్యా. చూడండి, రాసి ఉంది."

"రాసి ఉంటే?"

మొదటిసారి కదా, గుడ్లే మంచివి కాకపోయి ఉంటాయని సర్దుకున్నాను. ఆవిడ మాత్రం సర్దుకోలేదు. ఒకటి పోయింది, రెండున్నాయి అని వేళ్లు చూపించింది.

నీ కవర్ల జిగురు బాగా లేదు. ముడతలు పడి, అంచు ఊడొచ్చినట్టు ఉంటోంది. మంచివి కొనుక్కో.

పెళ్లయిందా ఆయనకి?

వదిన


అదే బల్ల,
వాన పడుతోంది

వదినా,

పెళ్లి కాలేదు. నేనడగలేదు, కాపలా ఆయనే చెప్పాడు. అదికాదు సంగతి!

నిన్న మీటింగు. ఆయన పుల్లలు విరిగిన గొడుగు వేసుకుని, సగం తడిసి వచ్చాడు. బోర్డు ముందు నిలబడి నెమ్మదిగా, కోపం లేకుండా మాట్లాడాడు. కోపం లేకుండా మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

"మీ పరికరం మంచి కత్తి. ఇంట్లో కత్తి ఉండాలి. దాన్ని గుమ్మానికి వేలాడదీయొద్దంటున్నాను, అంతే" అన్నాడు.

"వాడటం రానివాళ్ల కోసం వచ్చినవాళ్ల కత్తి దాస్తారా?" అన్నాను.

"వచ్చినవాళ్లే మర్చిపోతారండీ" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అందుకే ఇంకా కోపం వచ్చింది. ఇంటికొచ్చి నాలుగు పేజీల జవాబు రాశాను. ఒక్కో వాక్యం ఒక్కో లెంపకాయ. గొడుగు సంగతి కూడా పెట్టాను. మీరు ముందు మీ తాళంచెవి దాచుకోవడం నేర్చుకోండి, తర్వాత లోకానికి తాళాలు వేద్దురుగాని అని ముగించాను. లిస్టులో పెడితే రెండు వేల మంది చదువుతారు.

పెట్టమంటావా? నువ్వు "సరే" అని రాసిన మరుక్షణం పంపేస్తాను. నీ ఉత్తరం కోసం వారం ఆగుతాను.

నీ కవర్లు కూడా ముడతలేనమ్మా. నాకు చెప్పొచ్చావు.

మరదలు


గుడ్ల గది,
రెండో విడత లేచిన సాయంత్రం

మరదలా,

పెట్టు! ఇవాళే పెట్టు! గొడుగు సంగతి ముందుకు తీసుకురా. మన ఇంటి ఆడపిల్ల పనికి తాళం వేస్తాడా, ఆయన మొహానికి? లోకమంతా చదవనీ.

నాకీ ఊపు ఎందుకొచ్చిందంటే, రెండో విడత అదరగొట్టింది. పై అర, కింది అర తేడా లేదు. ఇరవై ఒకటో రోజు చీకటి పడేలోపే ఐదు వందల అరవై పిల్లలు లేచాయి! నేను తలుపు తీసి "అత్తయ్యా" అని అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు ఏదో అయిందని పరిగెత్తుకొచ్చారు. అత్తయ్య వచ్చి చూసి "ఊఁ" అంది. అంతే. నీళ్ల గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. ఓడిపోయినందుకు చిన్నబుచ్చుకుందని మీ అన్నయ్య అన్నాడు. నాకు ఆవిడని చూస్తే జాలేసి, తర్వాత ఒంటరిగా గదిలో ఒక గంతు వేశాను.

ట్రేల మీద సుద్దతో అంకెలు వేసుకున్నాను కదా. నా మూడుకి ఇంత పొడుగు తోక ఎప్పుడు పెట్టానో నాకే గుర్తులేదు. సంతోషంలో చేతిరాత కూడా మారుతుందేమో.

అత్తయ్య గుడ్లు దింపడానికి బజారుకి వెళ్తోంది. ఈ ఉత్తరం ఆవిడే పోస్టులో వేస్తానంది. ఎంత మంచిదైపోయిందో చూడు.

విజయం పొందిన నీ వదిన


నాలుగో అంతస్తు,
శుక్రవారం

వదినా,

వారమన్నాను, పది రోజులు ఆగాను. నీ దగ్గర్నుంచి అక్షరం లేదు. ఫోన్‌లో అడుగుదామంటే ఒట్టు. రెండో విడత బాగా లేచిందని స్పీకర్‌లో అమ్మే చెప్పింది, అదీ వాతావరణం చెప్పినట్టు. నువ్వు సంతోషంలో నన్ను మర్చిపోయావు.

పోనీలే. నువ్వు రాయలేదు కాబట్టి నేను పంపలేదు. ఆ పది రోజుల్లో నాలుగు పేజీలూ మళ్లీ చదివితే గొడుగు దగ్గర నాకే సిగ్గేసింది. తీసేశాను. గొడుగు తీసేస్తే మిగిలినదాంట్లో పస లేదు. మొత్తం చింపేశాను.

నిన్న టీ యంత్రం దగ్గర ఆయన ఎదురయ్యాడు. నాకు మాట తోచక, "తాళాల మీద మీకింత మోజెందుకు?" అని అడిగాను.

"ఇదివరకు పనిచేసిన చోట ఒకడు పరీక్ష కోసం జవాబు మార్చాడు. తీసెయ్యడం మర్చిపోయాడు. ఫైళ్లకి రెండో కాపీ పడటం లేదని చెప్పాల్సిన యంత్రం, అంతా బాగుందని ఎనిమిది నెలలు చెప్పింది. అవసరమైన రోజు తెరిస్తే లోపల ఏమీ లేదు" అన్నాడు.

"ఎవరా ఒకడు?"

"నేనే."

టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాను. ఆయనేమో మామూలుగా చక్కెర కలుపుకుంటూ, "మీరెక్కడైనా అలా వదిలేసినవి ఉన్నాయా?" అన్నాడు.

"ఒక్కటీ లేదు" అన్నాను, గడ్డం పైకెత్తి.

"అదృష్టవంతులు" అన్నాడు.

వెక్కిరించాడో మెచ్చుకున్నాడో తెలియక రాత్రి దాకా రెండు రకాలుగా అనుకుని చూసుకున్నాను. రెండూ బాగానే ఉన్నాయి.

మరదలు


గుడ్ల గది,
మూడో విడత, తొమ్మిదో రోజు

ఏమే,

రాయకపోవడమేమిటి? ఒకటిన్నర పేజీ రాశాను! పంపు, పంపు అని అరిచి మరీ రాశాను. అత్తయ్య స్వయంగా పోస్టుకి తీసుకెళ్లింది. ఏ సంచిలో ఇరుక్కుందో. చింపేశావన్నావు కాబట్టి ఇప్పుడు నేను వేరేగా చెప్తున్నాను. ఇరుక్కోవడమే మంచిదైంది. టీ గ్లాసుల సంగతి తర్వాత మాట్లాడతాను, గడ్డం దించి ఉంచు.

ఇక్కడ నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. అత్తయ్య ఇరవై రోజులుండి వస్తానని వాళ్లక్క దగ్గరికి వెళ్లింది. ఆవిడ లేదు కదా, ఎవరూ చూడటం లేదు కదా అని నిన్న నేనూ ఒక గుడ్డు తీసి కనురెప్పకి ఆనించుకున్నాను. నవ్వకు. పై అర గుడ్డు వెచ్చగా, పసిపిల్ల చెంపలా ఉంది. కింది అర గుడ్డు చల్లగా ఉంది. చాలా కాదు, కానీ కంటికి తెలిసేంత.

అద్దం మీద చూస్తే ముప్ఫై ఏడున్నర. అత్తయ్య అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. పలక తెచ్చి తలుపు పక్కన తగిలించి గంటకోసారి అంకె రాశాను. పై అర ముప్ఫై ఏడు పాయింట్ నాలుగు అంటుంది, తలుపు తీస్తే ముప్ఫై ఆరున్నరకి పడుతుంది, మళ్లీ లేస్తుంది. కింది అర ముప్ఫై ఏడున్నర. తలుపు తీసినా ముప్ఫై ఏడున్నర. తీసి పావుగంట అలాగే వదిలేసినా ముప్ఫై ఏడున్నర. బతికున్నదేదైనా అంత కదలకుండా ఉంటుందా? రెండో విడతలో ఏ జబ్బూ లేదే! అత్తయ్య గుమ్మం దాటగానే దీనికి బుద్ధి పోయిందా?

ఇది మూడోది. నీకు తెలుసు కదా. అందాకా చేతనైనంతలో కింది ట్రేలకి దుప్పట్లు కప్పుతున్నాను.

ఇది త్వరగా చేరే టపాలో పంపుతున్నాను. రేపు చేరుతుందన్నారు.

వదిన


నాలుగో అంతస్తు మెట్ల మీద,
సాయంత్రం

వదినా, వదినా, వదినా,

నీ ఉత్తరంలో "తలుపు తీసినా ముప్ఫై ఏడున్నర" దాకా చదివి ఫోన్ చేశాను. మిగతాది ఫోన్ పెట్టేశాక చదివాను. ఏడుస్తున్నానా నవ్వుతున్నానా అని ఫోన్‌లో అడిగావు. రెండూ. పక్క బల్లవాళ్లు మంచినీళ్లు తెచ్చారు.

ఫోన్‌లో అన్నయ్య ముందు సరిగా చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. పాత సెన్సర్ చచ్చి అరుస్తుంటే, లోపలి గది దాని గురించి ఏ జవాబిచ్చినా దాన్ని "ముప్ఫై ఏడున్నర" అని మార్చమని నా కన్నం పెట్టాను. కొత్త సెన్సర్ రాగానే తీసేద్దామనుకున్నాను. యంత్రం ఆపి పెట్టినా పోకూడదని, ప్రతిసారీ దానంతటదే మొదలయ్యేలా కూడా చేశాను. నా తెలివి! తర్వాత బస్సు టైమైంది. కొత్త సెన్సర్ వచ్చింది, నిజం చెప్తూనే ఉంది. నేను పెట్టిన చెయ్యి ఆ నిజాన్ని మధ్యలో పట్టుకుని ముప్ఫై ఏడున్నర అని మార్చి పంపుతోంది. ఇక చాలనుకుని కింది హీటర్ కునుకు తీస్తోంది.

నువ్వు ఫోన్ పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉండగా నెట్‌లో ఇక్కణ్నుంచే దాన్ని తీసేశాను కదా. "ముప్ఫై అయిదు పాయింట్ తొమ్మిది!" అని నువ్వు అరిచావు. నా జన్మలో అంత అందమైన చెడ్డ అంకె వినలేదు. హీటర్ మళ్లీ మొదలైన చప్పుడు నాకు వినపడింది వదినా.

ఆ తర్వాత బల్ల దగ్గరికెళ్లి లిస్టులో రెండు వేల మందికి రాశాను. "పోయిన వారం నేను వదిలేసినవి ఒక్కటీ లేవన్నాను. ఒకటి ఉంది. అది మా వదిన గుడ్లు పొదిగే యంత్రంలో రెండున్నర నెలలుగా అబద్ధం చెప్తోంది. దాన్ని రాసిన నేనే మర్చిపోయాను. యంత్రంలో ఎక్కడా దాని జాడ లేదు. పట్టుకున్నది మా అమ్మ కనురెప్ప." గొడుగు లేదు, లెంపకాయలు లేవు.

గంటసేపు మెయిల్ తెరిచి మూసి, తెరిచి మూసి చూశాను. వంగిపోయి కూర్చున్నాను. అప్పుడు తాళాలాయన దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది. నేను చెప్పాను కదా అని ఉంటుందనుకుని ఒక కన్ను మూసుకుని తెరిచాను.

"గుడ్లు ఎలా ఉన్నాయి?"

అంతే వదినా. మెట్ల మీద కూర్చుని ఇది ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు తెలిసిందా?

గుడ్లు ఎలా ఉన్నాయి?

మరదలు


గుడ్ల గది,
మూడో విడత తర్వాత

మెట్ల రాణీ,

గుడ్లు బాగున్నాయని మీ ఆయనకి... అయ్యో, ఆయనకి చెప్పు. పై అర ఇరవై ఒకటో రోజు, కింది అర ఇరవై రెండో రోజు మధ్యాహ్నం. కింద రెండు వందల ఇరవై. కాళ్లు నిలబడ్డాయి.

అత్తయ్య ఆ పొద్దునే తిరిగొచ్చింది. సంచి దించకుండానే గుడ్ల గదిలోకి వెళ్లింది. నేను జరిగిందంతా చెప్పాను. నీ కన్నం, నీ చెయ్యి, నీ బస్సు, అన్నీ. తిడుతుందనుకున్నాను. అప్పుడు సంచి దించింది.

"మరి రెండో విడత ఎలా లేచిందే?" అంది.

"అదే నాకూ అర్థం కావడం లేదు."

"నువ్వు మధ్యాహ్నం గుడ్లు తేవడానికి వెళ్లేదానివిగా."

"అవును."

"అప్పుడు కింది ట్రేలు పైకి, పైవి కిందికి మార్చేదాన్ని. పొద్దున నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు మళ్లీ. నీకు తెలియకుండా అంకెలు చెరిపి మళ్లీ రాసేదాన్ని."

మూడుకి తోక! మరదలా, ఆ మూడుకి తోక!

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? అది పాడైతే మీ పెట్టె మీకొచ్చేది కదా."

"గుడ్లేం పాపం చేశాయి?" అంది.

నేను నేల మీద కూర్చుని నవ్వాను. నువ్వు యంత్రం చేత అబద్ధం చెప్పించావు, మీ అమ్మ ఆ అబద్ధాన్ని నిజం చేసి పెట్టింది. నేను మధ్యలో గంతులేశాను. ఆవిడ ముట్టుకోకుండా ఉంటే నీ తప్పు రెండో విడతకే బయటపడేది. ఆ మాట చెప్తే ఆవిడ "నిజమే" అంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో మొదటిసారి విన్నాను ఆ మాట.

తర్వాత తీర్పు. మొదటిది కూతురు చెడగొట్టింది, రెండోది తను బాగుచేసింది, మూడోది సగం సగం. ఏదీ లెక్కలోకి రాదట. ఇంకొక్క విడత పెడతాం. ఆ ఒక్కదాంతో తేలిపోవాలి.

దానికో నియమం నేను పెట్టాను, ఆవిడ ఒప్పుకుంది. గదిలో ఎవరైనా ఎంతసేపైనా చూడొచ్చు. ఏదైనా ముట్టుకుంటే, కదిపితే, మారిస్తే మాత్రం తలుపు పక్క పలక మీద రాయాలి. ఎవరు, ఏమిటి, ఎందుకు. నీ అన్నయ్య నిన్న రాశాడు: "నేను. పిల్ల. ముద్దొచ్చింది."

వదిన


నాలుగో అంతస్తు,
సోమవారం

వదినా,

నీ పలక తాళాలాయనకి చూపించాను. అంటే, ఆ పేరా చదివి వినిపించాను. పైన "మీ ఆయనకి" అన్న ముక్క వేలితో మూసి.

ఆయన రెండుసార్లు చదవమన్నాడు. తర్వాత ఇద్దరం బోర్డు దగ్గర నిలబడి మధ్యాహ్నం దాకా గీశాం. ఆయన ప్యాచ్‌లో తాళం ఒక్కటే ఉంది. తాళం తీసినవాడు తర్వాత ఏం చేశాడో తెలియదు. ఇప్పుడు పలక కూడా ఉంది. చూడటం ఎప్పటిలాగే. జవాబు మార్చే సదుపాయం మామూలుగా మూసి ఉంటుంది. కావాలంటే యంత్రం మొదలుపెట్టేటప్పుడే తెలిసి తెరవాలి. తెరిచి ఏ జవాబు మార్చినా ఎవరు, ఎక్కడ, ఏమిటి అని లాగ్‌లో, అంటే యంత్రం తనే రాసుకునే చిట్టాలో పడుతుంది. ఆ గీత చెరపలేరు. యంత్రం ఆపి మళ్లీ పెడితే చెయ్యి దానంతటదే లోపలికి పోదు, మళ్లీ అడగాలి. బస్సు టైమైనా సరే.

ఆ ప్యాచ్ నేనే రాశాను. నా సదుపాయానికి నా చేత్తో తాళం వేశాను. వేసేముందు రెండుసార్లు లేచి టీకి వెళ్లొచ్చాను, అబద్ధమెందుకు. ఆరేళ్లు గుమ్మానికి వేలాడిన కత్తి కదా. కానీ వేశాక తేలికైంది. ఇప్పుడది నిజంగా పనికొచ్చేవాళ్లకే పనికొస్తుంది. అడుగున రెండు పేర్లున్నాయి, నాదీ ఆయనదీ. పక్కపక్కనే. వరుసగా. నిన్న పొద్దున్నుంచి పదిహేడుసార్లు తెరిచి చూశాను.

ఆయన నాలుగో విడత చూడాలంటున్నాడు. రావొచ్చా?

మరదలు


గుడ్ల గది,
ఇరవై ఒకటో రోజు

మరదలా,

లేచాయి!!

పై అర రెండు వందల ఎనభై మూడు, కింది అర రెండు వందల ఎనభై ఐదు. కింది అర గెలిచింది! పలక మీద ఇరవై రోజుల్లో నాలుగే వరసలు, నాలుగూ మీ అన్నయ్యవే, నాలుగూ ముద్దొచ్చినవే. అత్తయ్య రోజూ కుర్చీ వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. పదమూడో రోజు చెయ్యి పిడి దాకా వెళ్లి ఆగింది. నేను దగ్గాను. "చూస్తున్నానే, చూడనీ" అంది.

సాయంత్రం ఒక బుట్ట జారింది. ఎనభై పిల్లలు ఇల్లంతా. మంచం కింద, బూట్లలో, అత్తయ్య కొంగులో. ఆవిడ నడి గదిలో కదలకుండా నిలబడి, పాదాల చుట్టూ తిరుగుతున్నవాటిని తొక్కుతానేమోనని ఊపిరి బిగబట్టి, "ఉండనీవే నీ యంత్రం" అంది. ఆ కిచకిచలో నాకు వినపడలేదనుకుని ఇంకోసారి గట్టిగా అంది. మొదటిసారే వినపడింది. రెండోసారి కోసం ఊరుకున్నాను.

చెక్కపెట్టెలో బుట్టలు పెట్టుకున్నాం.

ఆయన్ని తీసుకురా. తాళంచెవి కాపలా ఆయన దగ్గర వదిలి రమ్మను. మీ అమ్మకి ఇంకా ఏమీ తెలియదు, నేనే మెల్లగా చెప్తాను.

నీ వదిన

(కవరు వెనక, సుద్ద అంటిన చేత్తో రాసిన పెన్సిలు రాత)

ఎవరు: అమ్మ.

ఏమిటి: ఉత్తరాలు. మొదటి దాన్నుంచి అన్నీ, రెండు వైపులవీ, మా అక్క దగ్గర ఉన్న రోజులవి తప్ప.

ఎలా: తేమ కోసం పెట్టే వేడినీళ్ల పళ్లెం మీద. జిగురుది తప్పేం లేదు.

ఎందుకు: స్పీకర్‌లో మీరేమీ చెప్పుకోవడం మానేశారు.

మార్చినది: ఏమీ లేదు, ఒక్క అక్షరం కూడా. ఒక్కటి మాత్రం ఆపాను. నీ వదిన పంపు, పంపు అని రాసినది. కోపంతో రాసినదానికి సంతోషంతో జవాబు రాసింది, రెండూ కలిస్తే కొంప కాలేది. ఏడో నంబరు ట్రే కింద ఉంది. కావాలంటే ఇస్తాను. చెప్పకుండా ఆపడం తప్పే, అందుకే రాస్తున్నాను.

పలక మీద కూడా ఇదే రాశాను. తలుపు తీసి ఉంటే కనపడదు. నీ వదిన ఇంకా తలుపు ముయ్యలేదు.

ఆ అబ్బాయిని తీసుకురా. చూస్తాను. ముట్టుకోను.

ఈ కవరు కూడా తెరిచి మళ్లీ అంటించాను.